మూటచూపు చదివిన రిజిస్టరు

సిరివాగు జిల్లాలో ప్రభుత్వ కార్యాలయాలు నలభై ఒకటి. "మీ దగ్గర ఏయే రికార్డులున్నాయో జాబితా రాసి పంపండి" అని కుముదిని ఒకటికి మూడుసార్లు ఉత్తరం రాస్తే, ముప్ఫై మూడు కార్యాలయాలు ఒకటే జవాబిచ్చాయి. నిల్.

నిల్ అంటే ఏమీ లేదని. పశువైద్యశాలలో ఏమీ లేదు. చిన్ననీటి వనరుల విభాగంలో ఏమీ లేదు. ఒక కార్యాలయమైతే ఆ నిల్ అనే మాటను కూడా తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, దాని మీద ముద్ర కొట్టి మరీ పంపింది. ఆ కార్యాలయానికే కుముదిని స్వయంగా వెళ్లి చూస్తే మెట్ల కింద, బీరువాల నెత్తిన, పాడైపోయిన కూలరు కడుపులో కూడా ఫైళ్లు కట్టిన ఎర్రగుడ్డ మూటలున్నాయి. "ఇవేంటండీ?" అని అడిగితే అక్కడి గుమస్తా "అవి పాతవి మేడం" అన్నాడు, పాతవైతే లేనట్టే అన్న ధీమాతో.

కుముదినికి నలభై నాలుగేళ్లు. గణాంక శాఖలో పందొమ్మిదేళ్లు పనిచేశాక ఆమెను జిల్లా పట్టిక అధికారిగా వేశారు. ప్రభుత్వం దగ్గరున్న ప్రతి రికార్డూ ఒక బహిరంగ పట్టికలోకి ఎక్కాలని రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. రికార్డు జనానికి ఇవ్వాలా వద్దా అన్నది తర్వాతి మాట. ముందు అది ఉందని ఒప్పుకోవాలి, అందులో ఏముందో నాలుగు మాటల్లో చెప్పాలి. చదివినప్పుడు చట్టం ఎంత చక్కగా ఉందో! పద్నాలుగు నెలల్లో ఆమె ఎక్కించగలిగింది నూట పన్నెండు రికార్డులు. ఆ మధ్యలో ఫారం నమూనా నాలుగుసార్లు మారింది. మారిన ప్రతిసారీ నూట పన్నెండూ మళ్లీ మొదటినుంచి ఎక్కించింది.

పదిహేనో నెలలో మూటచూపు వచ్చింది.

దాని అసలు పేరు చాలా పొడుగు. రికార్డు రూము అటెండరు మూటచూపు అన్నాడు, అందరికీ అదే అలవాటైంది. ట్రంకు పెట్టెకు రెండువైపులా నోళ్లు పెట్టినట్టుండేది. ఎర్రగుడ్డ మూటను ముడి విప్పకుండానే ఒక నోట్లో పెడితే, సన్నగా జుమ్మంటూ లోపలికి లాక్కుని, నాలుగు నిమిషాల తర్వాత రెండో నోట్లోంచి బయటికి తోసేది. ఈలోగా లోపలి కాగితాలన్నీ చదివేసి ఏ శాఖ, ఏ సంవత్సరం, ఏ విషయం అన్నది తెర మీద పేర్చేది. ముట్టుకుంటే పొడైపోయే కాగితాలకు చెయ్యి తగిలే పనే లేదు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ మెహరున్నీసా హైదరాబాదులో ఒక ప్రయోగశాల నుంచి యంత్రం వెంటే వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. రికార్డు రూములోనే ఒక మూల బల్ల వేసుకుని పెట్టెకు జిల్లా చేతిరాతలు నేర్పించేది. "కాగితంలోంచి దూరిపోయే అలలు మేడం. సిరా తగిలిన చోట కొంచెం ఆగి వెనక్కొస్తయి. ఎంత ఆగినయో చూస్తే ఎన్నో కాగితమో, ఏ అక్షరమో తెలుస్తది. అంతే, ఇంకేం లేదు" అనేది, చారు పెట్టడం గురించి చెబుతున్నంత తేలిగ్గా.

నెల తిరిగేసరికి పట్టికలో ఆరువేల రికార్డులున్నాయి. కుముదిని మొదటిసారి ఇంటికి నవ్వుతూ వెళ్లింది.

ఆ నవ్వు ఐదోవారంతో సరి. ఆరోజు నీటి పరీక్షల ప్రయోగశాల మూటలు వచ్చాయి. తెర మీద అంకెల పక్కన పసుపు చుక్కలు వరసగా పడుతున్నాయి. కుముదిని అడిగింది: "ఇవేంటి డాక్టరుగారూ?"

"దిద్దిన చోట్లు మేడం. ఒక సిరా మీద ఇంకో సిరా ఉంటే అలలకు తెలిసిపోతది, ఏది ముందు, ఏది తర్వాత అని. నేను కావాలని పెట్టింది కాదు. అన్ని రిజిస్టర్లలో అక్కడొకటి ఇక్కడొకటి వస్తనే ఉంటయి." మెహరున్నీసా తెర దగ్గరికి వంగింది. "ఇన్ని మాత్రం ఎప్పుడూ రాలేదు."

ఇరవై రెండేళ్ల కిందటి రిజిస్టరు అది. పదహారు ఊళ్ల బోరు నీళ్ల పరీక్షలు. కాడ్మియం అనే లోహం లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాములుందో రాసిన గడి. మెహరున్నీసా ఒక చుక్క మీద నొక్కితే పైపొర తొలగి అడుగు అంకె కనిపించింది. ఇప్పుడున్నది 0.001. మొదట రాసింది 0.031. మూడు అంకె నోళ్లు మూసి సున్నా చేశారు. 0.003 దాటితే ఆ నీళ్లు తాగకూడదు. పదహారు ఊళ్లకూ పదహారు చుక్కలు.

కుముదిని అంకెలను చూడటం లేదు. పక్కన రాసిన ఊళ్ల పేర్లను చూస్తోంది. 'గ' మీద తలకట్టు గొడుగులా విచ్చుకుని, 'ల' తోక కిందికి పొడుగ్గా సాగి ఉంది. ఆ 'ల' రాయడం ఆమెకు నేర్పింది ఆ చెయ్యే. పలక మీద, ఆమె వేళ్లను తన వేళ్లతో పట్టుకుని.

"మేడం, మంచినీళ్లు తాగుతరా?" అంది మెహరున్నీసా.

---

తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోతే కుముదినికి జడలు వేసి, అన్నం పెట్టి, కాలేజీ దాకా చదివించింది అక్క సులోచన. ఆమె ఆ నీటి పరీక్షల ప్రయోగశాలలోనే సహాయకురాలు. భర్త పోయాక చెల్లెలి దగ్గరికే వచ్చేసింది. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతుంది.

కుముదిని ఇంటికి వెళ్లేసరికి సులోచన వంటింటి గడప దగ్గర కూర్చుని గోంగూర ఆకు వలుస్తోంది. కుముదిని ఎదురుగా కూర్చుంది. రెండు కాడలు వలిచింది. తర్వాత అడిగింది.

సులోచన చెయ్యి ఆగింది. "ఎవరు జూపించిన్రు నీకు?"

"యంత్రం చదివిందక్కా."

"మూట ఇప్పకుంటనే?"

"ఇప్పకుంటనే."

సులోచన చేతిలోని కాడను ముక్కలు ముక్కలుగా తుంచింది. ఆ తర్వాత చెప్పుకొచ్చింది. అప్పుడు ప్రయోగశాలకు పెద్దాఫీసరు కనకరాజు. వాగు ఎగువన రంగుల కంపెనీ నడుస్తూ, మురుగంతా వాగులోకి వదులుతున్న రోజులు. సులోచన బస్సుల్లో తిరిగి పదహారు ఊళ్ల నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చింది, పరీక్ష చేసింది, రాసింది. కనకరాజు రిజిస్టరు చూసి గది తలుపు దగ్గరికి వేశాడు.

"మిషను తప్పు జూపిస్తున్నదమ్మా, మళ్ల జేద్దాం, అప్పటిదాకా దిద్దుమన్నడు. నేను టెంపరరీ. నువ్వు పీజీ రెండో ఏడు. దిద్దిన. మళ్ల జెయ్యనే లేదు. రెండుసార్లు అడిగిన. మూడోసారి అడగలే."

"కాయితం మీద ఏమన్నా రాసిచ్చిండా?"

"నోటితోని జెప్పిండు. అసొంటోళ్లు కాయితం మీద రాస్తరా?"

"అక్కా, ఆ తర్వాత వాగు అవతలి ఊళ్లకు సర్కారు మంచినీళ్ల పైపులేసింది. ఈ పదహారు ఊళ్లకు వెయ్యలే. మీ నీళ్లు మంచిగున్నయి కదా అన్నరు. తొమ్మిది ఊళ్లల్ల ఇప్పటికీ అవే బోర్లు."

"నాకెర్క లేదనుకున్నవా?" సులోచన గొంతు పెరిగింది. "ఇరవై రెండేండ్ల సంది ఆ దారిల పొయ్యే బస్సెక్కలే నేను. ఐదు నెలలు ఆగు కుముదీ. నేను ఇంటికొచ్చినంక ఏమన్న జేసుకో. ఐదు నెలలు."

కుముదిని గోంగూర అలాగే వదిలేసి లేచింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం ఎంత చేదుగా ఉంటుందో ఆరోజు తెలిసింది. అక్క మీద పడదామంటే ఆ చెయ్యే తనను పెంచింది. కనకరాజు మీద పడదామంటే అతను ఏ కాగితంలోనూ లేడు. ఆరువేల రికార్డులు చదివిన యంత్రానికి ఒక్క నోటిమాట చదవడం రాదు.

---

ఆదివారం ఆమె రేగులగడ్డ వెళ్లింది. రిజిస్టరులో మొదటి ఊరు అది. బోరు పక్కన తుప్పు పట్టిన రేకు బోర్డు ఉంది: సురక్షిత నీరు. దాని నీడలో ఎల్లవ్వ అనే అరవై ఏళ్ల మనిషి బిందె పెట్టుకుని, రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడింది.

"ఎముకలు గుంజుతయి బిడ్డా. నాకొక్కదానికేనా? ఊరంతా గంతే. మా ఆయన కిడ్నీలు పాడై పోయిండు. ఇప్పుడు పదకొండు మందిని వారానికి మూడుసార్లు రక్తం కడగనీకి దవాఖాన బండి తీస్కపోతది."

"నీళ్లేమన్నా పరీక్ష చేయించిన్రా అవ్వా?"

"సర్కారోళ్లు ఎప్పుడో జేసిన్రు. మంచిగున్నయని బోర్డు పెట్టిన్రు. మేం దర్కాస్తు వెట్టినప్పుడల్లా ఆ కాయితమే జూపిస్తరు." ఆమె బిందె ఎత్తుకోబోయి ఆగింది. "దాహమైతున్నదా? తాగుతవా?"

కుముదిని తాగలేకపోయింది. తాగనని చెప్పనూ లేకపోయింది. బస్సు వస్తోందని అబద్ధమాడి, రోడ్డు మీదికి వచ్చి, లేని బస్సు కోసం గంటన్నర నిలబడింది.

---

సోమవారం ఆమె రాష్ట్ర పట్టిక సంఘానికి రాసింది. అడుగుపొర అంకెలతో సహా రిజిస్టరును వెంటనే బహిరంగం చెయ్యాలని, ఆ బోర్లు మూయించాలని. జవాబు లేదు. మళ్లీ రాసింది. 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. మూడోసారి రాస్తే, రమ్మన్నారు.

సంఘానికి కార్యదర్శి జగదీశ్వర్ అనే మర్యాదస్థుడైన అధికారి. చల్లని గది, పొడుగాటి బల్ల. బల్ల చివర తెల్లచొక్కా ముసలాయన కూర్చుని బిస్కెట్టును టీలో ముంచుకుంటున్నాడు. జగదీశ్వర్ పరిచయం చేశాడు: "నీటి రికార్డుల విషయంలో మన గౌరవ సలహాదారు, కనకరాజుగారు."

కుముదిని కూర్చోకుండా కుర్చీ వెనకే నిలబడింది.

"పట్టిక అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం కదండీ" అన్నాడు జగదీశ్వర్. "రిజిస్టరులో కంటికి కనబడే అంకె ఏదో అదే రికార్డు. అడుగున ఏదో ఉందంటే అది రికార్డు కాదు, మీ యంత్రం ఊహ."

"ఊహ కాదు సార్" అంది పక్కనే ఉన్న మెహరున్నీసా. "నేనే రాసి, నేనే దిద్ది, వెయ్యిసార్లు చూసిన. వెయ్యికి వెయ్యి సరిగా చెప్పింది."

"చాలా సంతోషం. వచ్చేవారంలోగా ఆ పసుపు చుక్కల పని తీసేయండి. ఒప్పందంలో లేని పని అది. రిజిస్టరును మాత్రం పట్టికలో పెడతాం, పరిమితం అనే తరగతిలో. అంటే రికార్డు ఉంటుంది, చూడ్డానికి ఉండదు."

"ఆ ఊళ్లల్లో మనుషులు ఇవాళ కూడా ఆ నీళ్లు తాగుతున్నారండీ!" కుముదిని గొంతు గది దాటింది. "పొద్దున్న తాగారు. మనం ఇక్కడ టీ తాగుతుంటే వాళ్లు అవి తాగుతున్నారు."

"మళ్లీ పరీక్షలు చేయించమని రాద్దాం. ప్రతిపాదన పంపండి. మూడు ప్రతులు."

కనకరాజు బిస్కెట్టు తినడం పూర్తిచేసి, వేళ్లు తుడుచుకుని, మెత్తగా అన్నాడు: "అమ్మా, అంకెలు దిద్దింది నిజమే అనుకుందాం. దిద్దిన చెయ్యి ఎవరిదో కూడా చూడాలి కదా. చేతిరాత ఇట్టే పట్టేస్తారు ఈ రోజుల్లో. పాపం, ఎవరో చిన్న ఉద్యోగి అయ్యుంటుంది. ఆలోచించుకో."

ఆమె సులోచన చెల్లెలని తెలిసే ఆ మాట అన్నాడు. ఇద్దరికీ తెలుసు.

---

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది కుముదిని. దాచే ఓపిక కూడా లేదు. "ఐదు నెలలు కాదక్కా, ఇంకెప్పటికీ బయటికి రాదు. నువ్వు భయపడకు. గెలిచినవ్."

సులోచన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "ఏమన్నడు? మళ్ల జెప్పు."

"దిద్దిన చెయ్యి ఎవరిదో చూడాలన్నడు."

"చెయ్యి నాదే" అంది సులోచన. "మరి నోరు ఎవనిది?"

చీర కింద పడేసింది. ఇరవై రెండేళ్లుగా లోపల కూరుకున్న కోపం ఒక్కసారి తన్నుకొచ్చింది. తిట్టింది, ఏడ్చింది, కుముదినిని కూడా తిట్టింది. చివరికి ముఖం కడుక్కుని వచ్చి అడిగింది: "ఆ పట్టికల ఏమేం రాయొచ్చు? దాచిపెట్టినదానికి కూడా పేరు రాస్తరు గదా?"

అప్పుడు తట్టింది కుముదినికి. పద్నాలుగు నెలలుగా తిట్టుకుంటూ నింపిన ఫారం అది. రికార్డు పరిమితమైనా సరే, దాని పేరు, వివరణ మాత్రం బహిరంగంగానే ఉండాలి. వివరణ గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోదు. జిల్లా పట్టిక అధికారి రాసినదాన్ని మార్చే అధికారం సంఘానికి లేదు. చట్టం రాసినవాళ్లు నిల్ అనే జవాబులకు విసిగిపోయే ఆ నియమం పెట్టి ఉంటారు.

మర్నాడు మధ్యాహ్నం సులోచన సెలవు పెట్టి రికార్డు రూముకు వచ్చింది. ఆ యంత్రాన్ని మొదటిసారి చూసి, ఎదురింటి కుక్కను చూసినట్టు దూరంగా తిరిగి వెళ్లి కూర్చుంది. కుముదిని వివరణ రాసింది. ఫారం తిప్పికొట్టింది: అక్షరాలు ఎక్కువయ్యాయి. తగ్గించింది. మళ్లీ తిప్పికొట్టింది: వాక్యం చివర చుక్కలు అనుమతించబడవు. "దీని మొఖం మండ!" అని కుముదిని బల్ల మీద గుద్దింది. మెహరున్నీసా పక్కన కూర్చుని ఒక్కో మాటా తీసేస్తూ, పదహారు ఊళ్ల పేర్లు మాత్రం తీయనివ్వలేదు.

"నీ పేరు తీసేస్తనక్కా. చోటు సరిపోతది."

"నా పేరు ఉండాలె. లేకపోతే ఇదంతా పుకారంటరు. రాసినదాని పేరుంటెనే రాసిందని నమ్ముతరు."

చివరికి నిలిచిన వివరణ ఇది: పదహారు ఊళ్ల బోరు నీళ్లు, కాడ్మియం మొదట రాసింది 0.031 దాకా, తర్వాత 0.001గా దిద్దారు, తాగరాదు, రాసింది దిద్దింది సులోచన, దిద్దమంది కనకరాజు నోటిమాటగా, కాగితం లేదు. దాని కింద ఊళ్ల పేర్లు.

కుముదిని చెయ్యి మీట మీద ఆగిపోయింది. సులోచన వంగి, చెల్లెలి వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది.

---

రెండురోజుల దాకా ఎవరూ చూడలేదు. మూడోరోజు రేగులగడ్డలో ఎవరో తమ ఊరి పేరు కొట్టి వెతికారు. సాయంత్రానికి పదహారు ఊళ్ల ఫోన్లలో ఆ నాలుగు వరసలున్నాయి. నాలుగోరోజు పట్టిక మొత్తం 'నిర్వహణ పనుల వల్ల' ఆగిపోయింది, ఫోన్లలో తీసిపెట్టుకున్న ఆ పేజీ బొమ్మలు మాత్రం ఆగలేదు. ఊళ్లవాళ్లు బోర్ల హ్యాండిళ్లు ఊడదీసి తెచ్చి కలెక్టరు కార్యాలయం మెట్ల మీద పేర్చారు. వారం తర్వాత ట్యాంకర్లు వచ్చాయి, నాలుగు ఊళ్లకు. మిగిలిన ఊళ్లకు ప్రతిపాదన పంపమన్నారు, మూడు ప్రతులు.

సులోచన సస్పెండయింది. కుముదినిని పక్క జిల్లాలో ఫారాలు దాచే గిడ్డంగికి మార్చారు. మూటచూపును 'మరమ్మతు' కోసం తీసుకెళ్లిపోయారు. తిరిగొచ్చినప్పుడు దానికి పసుపు చుక్కలు వెయ్యడం రాదు. మెహరున్నీసా ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది.

విచారణ జరిగింది. సులోచన మీద మాత్రమే. విచారణాధికారి నడివయసు మనిషి, బాగా అలసినవాడు. పక్కన కుముదిని కూర్చుంది. వరండాలో రేగులగడ్డ నుంచి వచ్చిన ఎల్లవ్వ గోడకు ఆనుకుని నిలబడింది.

"రిజిస్టరు దిద్దింది మీరేనా?"

"నేనే సార్."

అధికారి రాసుకున్నాడు.

"ఎందుకు దిద్దారు?"

"కనకరాజు సారు దిద్దుమన్నడు."

కలం కదల్లేదు. "ఆధారం ఉందా?"

"లేదు."

"అయితే ఆ మాట రాయడం కుదరదమ్మా."

ఎల్లవ్వ ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చింది. "ఆ సారు మా ఊరికొచ్చిండు. ఈ బిడ్డతోనే వచ్చిండు, సీసాలు నింపినంక నాలుగు దినాలకు. ఎండలొచ్చిండని చెంబుతోని నీళ్లిచ్చిన. తాగలే. కారులకెళ్లి తన సీసా దెప్పిచ్చుకోని తాగిండు. మా నీళ్లు గలీజని ఆయనకెర్కే. ఎర్కుండే మంచిగున్నయన్నడు."

సులోచన తలెత్తి ఎల్లవ్వను చూసింది. ఆ సంగతి ఆమె మర్చిపోయింది. లేదా గుర్తుంచుకోవడానికి ధైర్యం చాలలేదు.

"ఇది రికార్డు కాదవ్వా" అన్నాడు అధికారి.

"రాయి సారూ. నువ్వు రాస్తేనే గదా రికార్డయ్యేది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అధికారి ముగ్గురి మొహాలూ చూశాడు. నిట్టూర్చి కలం అందుకుని రాశాడు. కారు, సీసా, చెంబు, కనకరాజు పేరు. రాసింది పైకి చదివి వినిపించమంది సులోచన. వినిపించాడు. ఎల్లవ్వ వేలిముద్ర వేసింది.

"ఇక వెళ్లొచ్చు" అన్నాడు, ఫైలు మూస్తూ.

కుముదిని లేవలేదు. నంబరు పడని ఫైలు రేపు నిల్ అయిపోతుందని ఆమెకు తెలుసు. "ఈ ఫైలుకు పట్టికలో నంబరు ఎంత సార్?"

"ఇంకా ఇవ్వలేదు."

"ఎప్పుడిస్తారు?"

"పట్టిక ఆగి ఉందని మీకే తెలుసు కదమ్మా. మొదలయ్యాక ఇస్తారు. రేపో, ఎల్లుండో... పంపిస్తాం."

"పంపించొద్దు సార్. ఇక్కడే తీసుకుంటాం."

అధికారి ఏదో అనబోయి, మానేసి, భోజనానికి లేచి వెళ్లాడు. ఎల్లవ్వ నడుం పట్టుకుని మెల్లగా కింద కూర్చోబోతుంటే, సులోచన తన కుర్చీ ఆమెకు జరిపి, తను నేల మీద కూర్చుంది.